పాత పంప్ యాక్షన్ షాట్‌గన్ కొనేవారికి హెచ్చరిక: గొట్టం లోపల చూడనిదే డబ్బు చేతికివ్వకండి

డాలస్ చుట్టుపక్కల మన తెలుగువారికి వాడిన తుపాకులు అమ్మే వ్యక్తి ఎవరో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది కనుక, పేరు రాయకుండా నేరుగా విషయానికి వస్తున్నాను. అతని దగ్గర నిన్న 280 డాలర్లకు 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) రెమింగ్టన్ 870 పంప్ షాట్‌గన్ కొన్నాను. ఎప్పుడైనా దెబ్బతిందా, రిపేరు చేయించారా అని అడిగితే, "నా దగ్గర కొన్నాక నీకు దిగులెందుకు తమ్ముడూ" అన్నాడు.

1950 నుంచి తయారవుతున్న ఈ తుపాకీ రూపకల్పనపై నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఉక్కు దిమ్మ నుంచి మలిచిన రిసీవరు (తుపాకీ మధ్య భాగం), ఫోరెండును (ఎడమచేత్తో పట్టి జరిపే పిడిని) బోల్టుకు (గొట్టాన్ని వెనుక నుంచి మూసే భాగానికి) కలిపే రెండు ఉక్కు పట్టీలు, ఫోరెండును వెనక్కి లాగితే కాలిన షెల్ (తూటా) బయటపడి ముందుకు తోస్తే కొత్తది ఛాంబరులోకి (గొట్టంలో షెల్ కూర్చునే చోటికి) చేరే తీరు, కాల్చే క్షణంలో బోల్టు నేరుగా గొట్టం వెనుక భాగంలోనే బిగుసుకోవడం, ఇవన్నీ దశాబ్దాలు నిలిచే పనితనం. కానీ ఆ బిగింపు కాపాడేది వెనుక భాగాన్నే. గొట్టం గోడ బలహీనపడితే పేలుడు పక్కకు రాకుండా ఆపేది ఇంకేదీ లేదు.

ఈ రోజు క్లే రేంజిలో (ఎగిరే మట్టి పలకలను కాల్చే మైదానంలో) మా అమ్మాయి దానితో కాలుస్తుండగా, పక్కనున్న ఒక పెద్దాయన ఆపమని గట్టిగా అరిచారు. గొట్టంపై మెరిసే ఎండ గీత తిన్నగా సాగకుండా ఒకచోట వంకర తిరగడం ఆయన గమనించారు. అక్కడి గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) గొట్టం కింద షెల్స్ నిల్వ ఉండే మ్యాగజైన్ ట్యూబు మూత విప్పి, గొట్టం ఊడదీసి, ఒక చివర లైటు పెట్టి చూపించాడు. ఛాంబరుకు కాస్త ముందు, లోపలి గోడపై నల్లటి ఉంగరంలాంటి నీడ. గొట్టంలో ఏదో అడ్డుపడి ఉండగా కాల్చడంతో అక్కడ ఉబ్బిందట. ఆ ఉబ్బు బయటికి కనిపించకుండా ఎవరో ఉప్పుకాగితంతో అరగదీసి, పైన నీలిరంగు మందు పూశారు. అంటే అసలే సాగి పలచబడిన గోడను ఇంకా పలచన చేశారు. మా అమ్మాయి ఎడమచేయి ఫోరెండు మీద సరిగ్గా దాని కిందే ఉంది.

వెంటనే ఫోన్ చేశాను. "ఆ సంగతి నాకు తెలుసు, అన్నీ చెప్పి అమ్మితే ఎవడు కొంటాడు?" అన్నాడు. తుపాకీ పట్టుకున్నది పిల్ల అని చెప్పినా ఒక్క క్షణం కూడా తడబడలేదు. "చేతికి ఏమీ కాలేదు కదా, ఇంక గొడవెందుకు" అని పెట్టేశాడు, ఆపైన నా నంబరు బ్లాక్ చేశాడు. డబ్బు పోయినందుకు కాదు, తెలిసి తెలిసి ఒక పిల్ల చేతికి ఆ గొట్టం అందేలా చేసిన మనిషి "తమ్ముడూ" అని పిలిచినందుకు నా ఒళ్లు మండిపోతోంది.

టెక్సాస్‌లో వ్యక్తుల మధ్య అమ్మకానికి నేపథ్య తనిఖీ తప్పనిసరి కాదు, తుపాకీని తిరిగి తీసుకునేవారూ ఉండరు. కాబట్టి ముందుగా మ్యాగజైన్, ఛాంబరు రెండూ ఖాళీగా ఉన్నాయని కంటితోనూ వేలితోనూ నిర్ధారించుకుని, గొట్టం ఊడదీయించి లైటులో చూడండి, బయట వేళ్లతో తడమండి. ఊడదీయడానికి ఒప్పుకోనివాడి దగ్గర కొనవద్దు. ఇంట్లో 20 గేజ్ తుపాకీ కూడా ఉంటే షెల్స్ ఎన్నడూ కలపకండి: 12 గేజ్ కంటే సన్నగా ఉండే పసుపుపచ్చ 20 గేజ్ షెల్ 12 గేజ్ ఛాంబరు దాటి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది, దాని వెనుక మరొకటి పెట్టి కాలిస్తే గొట్టమే పగిలిపోవచ్చు.

అదే వ్యక్తి ఇప్పుడు మరో రెండు పంప్ తుపాకులను అమ్మకానికి పెట్టాడు. వాటిని చూడటానికి వెళ్లాలనుకున్నవారు నాకు సందేశం పంపితే, గన్‌స్మిత్ తీసిన ఫొటోలు పంపిస్తాను.