సలమాంకాలో చదువు: గది, కాగితాలు, పప్పు, చలి

చదువుతూనే పార్ట్‌టైమ్ చేసుకోవాలి, చదువు అవగానే అక్కడే ఏదో కంపెనీలో చేరిపోవాలి అనుకునేవాళ్లు స్పెయిన్‌లోని సలమాంకా జోలికి పోకండి, ముందే చెప్పేస్తున్నా. అలాంటివాళ్లకి మాడ్రిడ్, బార్సిలోనానే కరెక్ట్, అక్కడి అద్దెలు చూసి కళ్లు తిరిగినా సరే. స్పెయిన్‌లో యూనివర్సిటీ స్టూడెంట్లు వారానికి 30 గంటల దాకా పని చేసుకోవచ్చు, నిజమే, కానీ ఈ ఊళ్లో పని అంటే బార్లు, కెఫేలే, వాటికి స్పానిష్ గడగడా మాట్లాడే స్థానిక కుర్రాళ్లు బోలెడంతమంది. అదే స్పానిష్ గట్టిగా నేర్చుకోవాలి, ఒక విద్యా సంవత్సరం తక్కువ ఖర్చులో గడవాలి, క్లాసుకైనా కూరగాయలకైనా నడిచే వెళ్లిపోవాలి అంటే మాత్రం నాకు తెలిసినంతలో ఇంతకంటే మంచి ఊరు లేదు.

ఊరి జనాభా లక్షన్నర లోపే. యూనివర్సిటీ 1218లో మొదలైంది, స్పెయిన్‌లో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో అన్నిటికంటే పాతది. వేలల్లో స్టూడెంట్లు, కాబట్టి ఊరు మొత్తం వాళ్ల టైంటేబుల్ ప్రకారమే నడుస్తుంది అనిపిస్తుంది, ముఖ్యంగా గురువారం రాత్రులు.

చేరుకోవడం తేలిక. విమానం మాడ్రిడ్‌కే, బరాహాస్ ఎయిర్‌పోర్ట్ నుంచే నేరుగా సలమాంకాకి బస్సులు ఉన్నాయి. పెద్ద పెట్టెలతో దిగేవాళ్లు మెట్రోలు మారుకుంటూ చమార్తిన్ స్టేషన్‌కి వెళ్లి రైలు ఎక్కే కంటే ఈ బస్సే నయం. రైలు వేగంగానే వెళ్తుంది, బాగా నడిచేవి గంటా నలభై నిమిషాల్లో చేరుస్తాయి, కానీ రోజులో తక్కువ ఉంటాయి. తర్వాత తర్వాత మాడ్రిడ్ వెళ్లిరావడానికి స్టూడెంట్లు ఎక్కువగా వాడేది బ్లాబ్లాకార్, అంటే అటే వెళ్లేవాళ్ల కారులో డబ్బులిచ్చి సీటు తీసుకునే యాప్. శుక్రవారం సాయంత్రం సీట్లు తొందరగా అయిపోతాయి.

ఇక గది సంగతి, దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఏడాది బాగా గడిచిందా లేదా అన్నది సగం ఇక్కడే తేలిపోతుంది. దారులు నాలుగు. కొలేహియో మయోర్ అని యూనివర్సిటీ హాస్టళ్లు లాంటివి, భోజనం కలిపి ఉంటుంది, ఖర్చు ఎక్కువ, పైగా డిగ్రీ మొదటి ఏడాది పిల్లలే ఎక్కువ, శాకాహారులకి ఆ భోజనం డబ్బులు దండగే. ప్రైవేటు రెసిడెన్సియాలు కూడా అంతే, గది శుభ్రంగా ఉంటుంది, జేబు ఖాళీ అవుతుంది. ఒక స్పానిష్ కుటుంబంతో ఉండటం మూడోది, వచ్చిన కొత్తలో ఒక నెల భాష కోసం చాలా మంచిది, ఏడాదంతా అయితే రాత్రి పదకొండింటికి తాలింపు పెట్టుకునే స్వేచ్ఛ ఉండదు. నాలుగోది పీసో కంపార్తీదో, అంటే ముగ్గురు నలుగురు కలిసి ఫ్లాట్ పంచుకోవడం. నేను దీన్నే ఎంచుకున్నాను, మీకూ ఇదే చెప్తాను. నేను చూసినప్పుడు గదులు 250 నుంచి 400 యూరోల మధ్య ఉండేవి, కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్ కొన్నిట్లో కలిపి, కొన్నిట్లో విడిగా. ఇదే గది మాడ్రిడ్‌లో అయితే దాదాపు రెట్టింపు.

గదిని ఇండియా నుంచి బుక్ చేయకండి. ఫొటోలు చూసి, వాట్సాప్‌లో మాట్లాడి అడ్వాన్స్ పంపమనే వాళ్లుంటారు, మా బ్యాచ్‌లోనే ఒకమ్మాయి పంపిన డబ్బు మళ్లీ కనపడలేదు. మొదటి వారానికి హాస్టల్లోనో, చవకైన పెన్సియోన్ అనే చిన్న లాడ్జిలోనో దిగి, అద్దె ఇళ్ల యాప్ ఇదెయాలిస్తా చూసుకుంటూ, యూనివర్సిటీ నోటీసు బోర్డుల మీద అంటించిన కాగితాల నంబర్లకి ఫోన్లు చేసుకుంటూ, స్వయంగా వెళ్లి చూడండి. చూసేటప్పుడు ముఖ్యంగా రెండు అడగాలి. ఒకటి, కిటికీ వీధి వైపా, లోపలి పాతియో (బిల్డింగ్ మధ్య ఖాళీ స్థలం) వైపా అని. లోపలి వైపు గదులు చవక, చలికాలంలో వెలుతురు అనేదే ఉండదు, దిగులు పుడుతుంది. రెండోది హీటింగ్. బిల్డింగ్ మొత్తానికి ఒకటే హీటింగ్ ఉన్న చోట అది ఏ గంటల్లో వేస్తారో వాళ్ల ఇష్టం, మీ చేతిలో ఉండదు, కానీ బిల్లు గురించి బెంగ లేదు. ఫ్లాట్‌కి విడిగా ఉంటే జనవరి బిల్లు దగ్గర రూమ్మేట్ల మధ్య పెద్ద పంచాయితీ. నా ఓటు మొదటిదానికే. ఫియాన్సా అని ఒక నెల అద్దె డిపాజిట్ కడతారు, చేరిన రోజే గోడల మీద మరకలు, విరిగిన కుర్చీలు అన్నీ ఫొటోలు తీసి ఓనరుకి పంపెయ్యండి, ఖాళీ చేసేటప్పుడు అవే కాపాడతాయి.

ఏరియాల్లో బర్రియో దెల్ ఓయెస్తే నాకు బాగా నచ్చింది. గరాజ్ తలుపులన్నిటి మీదా బొమ్మలు వేసి ఉంటాయి, స్టూడెంట్లు ఎక్కువ, మెడిసిన్, లా, ఎకనామిక్స్ ఉండే ఉనమూనో క్యాంపస్ దగ్గర. ఊరి నడిబొడ్డు కూడలి ప్లాసా మయోర్ చుట్టుపక్కల గదులు అందంగా ఉంటాయి కానీ నిద్ర ఉండదు. గర్రీదో వైపు చవక, కాస్త నడవాలి, అంతే.

కాగితాల పని టెన్షనే, దాచడం ఎందుకు. వీసాకి నెలకు 600 యూరోల చొప్పున డబ్బు చూపించాలి, డిగ్రీ సర్టిఫికెట్లకి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ముద్ర), స్పానిష్‌లోకి అధికారిక అనువాదం, ఆరు నెలలు దాటితే పోలీస్ క్లియరెన్స్, డాక్టరు దగ్గర జేబులోంచి కట్టే పని లేని ఇన్సూరెన్స్. ఇవన్నీ మన దగ్గరే తేల్చుకుంటారు కదా, అసలు కథ అక్కడ దిగాక. వచ్చిన నెలలోపు టీఐఈ కార్డుకి, అంటే విదేశీయుల గుర్తింపు కార్డుకి, అప్లై చేయాలి. సితా ప్రేవియా అంటే ఆన్‌లైన్ అపాయింట్‌మెంట్, అది దొరికితే ఇఎక్స్-17 ఫారం, 790-012 ఫీజు కట్టిన రసీదు, ఫొటో, పాస్‌పోర్టు పట్టుకుని పోలీసు ఆఫీసుకి వెళ్లి వేలిముద్రలు ఇవ్వాలి, కార్డు కోసం మళ్లీ కొన్ని వారాలు ఆగాలి. ఫీజు బ్యాంకులో కడదామంటే కొన్ని బ్రాంచీలు ఉదయం కొద్ది గంటలే తీసుకుంటాయి, మధ్యాహ్నం వెళ్తే రేపు రమ్మంటారు. ఈ విషయంలో మాత్రం మాడ్రిడ్ కంటే సలమాంకా ఎన్నో రెట్లు నయం, మాడ్రిడ్‌లో అపాయింట్‌మెంట్ స్లాట్ల కోసం అర్ధరాత్రి కాపలా కాసే స్నేహితులు ఉన్నారు నాకు. సంక్రాంతికి ఇంటికి వద్దామనుకునేవాళ్లు గుర్తుంచుకోండి, వీసా గడువు అయిపోయి కార్డు ఇంకా చేతికి రాకపోతే, తిరిగి రావడానికి ఆఉతోరిసాసియోన్ దె రెగ్రేసో అనే కాగితం ముందే తీసుకుని బయల్దేరాలి.

చిరునామా నమోదు, దాన్ని ఎంపాద్రోనమియెంతో అంటారు, దానికి అద్దె ఒప్పందం అడుగుతారు. కొంతమంది ఓనర్లు పన్ను భయంతో ఒప్పందం రాయరు. అలాంటి గది ఎంత బాగున్నా వదిలెయ్యండి. స్పానిష్ బ్యాంకు ఖాతా కూడా తొందరగా తెరవండి, బిసుమ్ లేకపోతే రూమ్మేట్లతో బతకడం కష్టం, అది వాళ్ల ఫోన్‌పే. పిజ్జా డబ్బులైనా గ్యాస్ బిల్లైనా బిసుమ్ చెయ్యి అంటారు.

తిండి. మాంసం తినేవాళ్లకి ఇది స్వర్గం, వాన్ డైక్ వీధిలో బార్ తర్వాత బార్, ప్రతి డ్రింకుతో ఒక పిన్చో అనే చిన్న తినుబండారం, కాల్చిన మాంసం వాసన. శాకాహారులకి ఓపిక కావాలి. మాంసం వద్దు అంటే వాళ్ల లెక్కలో హామోన్ (ఉప్పు పట్టించి ఎండబెట్టిన పంది తొడ) మాంసం కాదు, ట్యూనా అసలే కాదు, సలాడ్ మీద చల్లి తెస్తారు. పప్పు వంటకం ఉంది కదా అని లెంతేహాస్ చెప్తే అందులో చోరీసో అనే పంది మాంసం సాసేజ్ ముక్కలు తేలుతూ వస్తాయి. గుడ్డు తింటే తోర్తియా దె పతాతాస్ అనే బంగాళదుంప ఆమ్లెట్ ఉంది, బతికిపోతారు. గుడ్డూ తినకపోతే పతాతాస్ బ్రావాస్ అనే కారం సాస్ బంగాళదుంప వేపుడు, పద్రోన్ మిరపకాయలు, ఇక ఇంట్లో వంటే.

ఇంట్లో వంటకి మాత్రం ఊరు అదృష్టమే. సలమాంకా పక్కనే లా అర్మూన్యా అనే ప్రాంతంలో పండే పప్పు దేశమంతా పేరున్నది, ప్రతి సూపర్‌మార్కెట్లో దొరుకుతుంది. మన కందిపప్పులా మెత్తగా కలిసిపోదు గానీ టమాటా వేసి, వెల్లుల్లి తాలింపు పెడితే అన్నంలోకి బ్రహ్మాండం, నా స్పానిష్ రూమ్మేటు కూడా గిన్నె పట్టుకుని వచ్చేది. కందిపప్పు, చింతపండు, కరివేపాకు కావాలంటే మాడ్రిడ్‌లోని లవపియెస్ పేటకి వెళ్లాలి, అక్కడ మన ఉపఖండం వాళ్ల దుకాణాలు ఉన్నాయి. ఇంటి నుంచి ఆవకాయ తెచ్చుకోండి, కానీ నెయ్యి, కోవా, పూతరేకులు, చికెన్ పచ్చడి పెట్టెలో సర్దకండి, పాల, మాంసం పదార్థాలు యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకురానివ్వరు. అమ్మలకి ఇది చెప్పి ఒప్పించడమే అసలైన పని. ఆదివారం సూపర్‌మార్కెట్లు చాలావరకు మూసేస్తారు, చిన్న కొట్లు రోజూ మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా మూత, శనివారమే బియ్యం చూసుకోండి.

క్లాసుల సంగతికొస్తే, లెక్చరర్‌ని పేరు పెట్టి పిలవడం అలవాటవడానికి నాకు చాలా టైం పట్టింది, నోట్లోంచి సార్ వచ్చేసేది. మార్కులు పదికి, ఐదు వస్తే పాస్, తొమ్మిది, ఆపైన వస్తే సోబ్రెసాలియెంతే, అంటే అత్యుత్తమం. తొమ్మిది రావడం మామూలు విషయం కాదు, ఏడొచ్చిందని ఏడవకండి. భాష బీ2 స్థాయిలో (మధ్యస్థం కంటే పైన) ఉన్నా మొదటి నెల సగమే అర్థమవుతుంది. ఊళ్లో స్పానిష్ నేర్చుకోవడానికి వచ్చే విదేశీయులు విపరీతం, అమెరికన్ గుంపులు ముఖ్యంగా, వాళ్లతో పడితే ఏడాదంతా ఇంగ్లీషులోనే వెళ్లిపోతుంది. అందుకే స్పానిష్ రూమ్మేట్లు ఉన్న ఫ్లాటే తీసుకోండి అంటాను. కోర్సు మొదలయ్యే ముందు యూనివర్సిటీ వాళ్లదే అయిన కుర్సోస్ ఇంతెర్నాసియోనాలెస్ అనే విదేశీయుల స్పానిష్ కోర్సుల్లో ఒక నెల చేరితే డబ్బులకి తగ్గ ఫలితం ఉంటుంది.

చలి గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. స్పెయిన్ అంటే ఎండ అనుకుని వస్తారు, ఊరేమో దాదాపు 800 మీటర్ల ఎత్తున ఉంది, డిసెంబరు, జనవరి రాత్రులు సున్నా కిందకి పోతుంది, తోర్మెస్ నది మీంచి మంచు లేచి మధ్యాహ్నం దాకా కదలదు. మంచి కోటు అక్కడే కొనండి, హైదరాబాద్‌లో కొన్నది ఆగదు.

చూడాల్సినవి ఊళ్లోనే బోలెడు, పాత ఊరు మొత్తం 1988 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. యూనివర్సిటీ ముఖద్వారం మీద పుర్రెపై కూర్చున్న కప్పని ఎవరూ చూపించకుండా కనిపెడితే పరీక్షలు పాస్ అవుతారని నమ్మకం, టూరిస్టుల గోల చూస్తే నవ్వొస్తుంది. కేథడ్రల్ తలుపు రాళ్లలో 1992 మరమ్మతుల్లో చెక్కిన వ్యోమగామి ఇంకా సరదా. కానీ నాకు అన్నిటికంటే నచ్చింది యూనివర్సిటీ పాత భవనం ఎస్కుయేలాస్ మేనోరెస్‌లో ఉన్న సియెలో దె సలమాంకా, పదిహేనో శతాబ్దపు నక్షత్రాల పైకప్పు చిత్రం, చీకటి గదిలో పది నిమిషాలు కూర్చుంటే చాలు. డిసెంబరు మధ్యలో స్టూడెంట్లు సెలవులకి వెళ్లేముందే ప్లాసా మయోర్‌లో కొత్త సంవత్సరం చేసుకుంటారు, ఒకసారి చూడొచ్చు, రెండోసారి నేనైతే వెళ్లను, అంత తొక్కిసలాట. ఈస్టర్ తర్వాత వారం వచ్చే లూనెస్ దె ఆగువాస్ మేలు, నది ఒడ్డున అందరూ ఓర్నాసో తింటూ కూర్చుంటారు, అది పంది మాంసం కూరిన రొట్టె కాబట్టి శాకాహారులు పులిహోర పట్టుకెళ్లండి, అక్కడ సూపర్ హిట్. బయటికైతే ఆవిలా, సెగోవియా ఊళ్లకి ఒక్కో రోజు చాలు. పోర్చుగల్‌లోని పోర్తోకి బస్సులో వెళ్లి రెండు రాత్రులు ఉండండి.

జూన్ చివర్లో ఊరు ఖాళీ అవుతుంది, వెళ్లిపోయేవాళ్లు దుప్పట్లు, కుక్కర్లు, టేబుల్ ల్యాంపులు అన్నీ కారుచవకగా అమ్మేస్తారు. సెప్టెంబరులో వచ్చేవాళ్లు జూన్‌లోనే ఎవరినైనా పట్టుకుని మాట్లాడుకుంటే పెట్టెలో సగం బరువు తగ్గుతుంది, ఆ ఖాళీలో ఇంకో రెండు కిలోల కందిపప్పు పడుతుంది.