మోకాలికి టేపా, తొడుగా: ఏది మేలు?

పరుగెత్తినా, గుంజీలు తీసినా మోకాలి చిప్ప చుట్టూ నొప్పి సలిపేవారు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. నా మొగ్గు ఎటో ముందే చెబుతాను: పరుగుకైతే టేపు, బరువులెత్తడానికైతే తొడుగు (నీ స్లీవ్). అయితే రెండింటి నుంచీ ఏం ఆశించాలో తెలిసి ఉండాలి.

కైనీసియాలజీ టేపును 1970లలో జపాన్‌కు చెందిన కెంజో కాసే రూపొందించారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో క్రీడాకారుల ఒంటిమీద కనిపించాక అందరి దృష్టీ దానిమీద పడింది. జిగురు పూసిన, సాగే నూలు పట్టీ అది. సాగుతుంది కాబట్టే మోకాలు హాయిగా వంగుతుంది. సాగుతుంది కాబట్టే కీలును కదలకుండా పట్టి ఉంచలేదు. చర్మానికి ఎడతెగకుండా తగిలే ఆ స్పర్శ వల్ల కొందరికి నొప్పి కాస్త తగ్గినట్టుంటుంది. ఉత్తుత్తిగా అంటించిన టేపుతో పోల్చి చూసిన అధ్యయనాలు కొన్నింటిలో పెద్ద తేడా కనబడలేదు. అయినా ఆ కాస్త ఊరటతో వ్యాయామం మానకుండా ఉండగలిగితే అది నాకు విలువైనదే.

టేపు పనితనం చాలావరకు అంటించడంలోనే ఉంది. చర్మం మీద నూనె, చెమట ఉండకూడదు. పట్టీ మూలలను కత్తెరతో గుండ్రంగా కత్తిరించాలి, లేకుంటే దుస్తులకు రాసుకుని అక్కడే లేస్తుంది. మోకాలు వంచి, చిప్పకు రెండు పక్కలా అంటించాలి. రెండు కొసలనూ రెండంగుళాల మేర అసలు సాగదీయకూడదు. కొసలను లాగి అంటించడం వల్లే చాలామందికి చర్మం ఎర్రబడి, పొక్కులు వస్తాయి. తర్వాత అరచేతితో గట్టిగా రుద్దితే ఆ వేడికి జిగురు పట్టుకుంటుంది. వ్యాయామానికి అరగంట ముందే ఈ పని ముగించాలి. తీసేటప్పుడు కొంచెం నూనె రాసి, వెంట్రుకలు వాలిన వైపుకే మెల్లగా ఒలవాలి.

తొడుగుకు ఇంత తతంగం లేదు. వేసుకుంటాం, తీసేస్తాం, ఉతికి మళ్లీ వాడుకుంటాం. కీలును వెచ్చగా ఉంచి, చుట్టూ సమానంగా అదుముతుంది. అందుకే బరువుతో కూర్చుని లేచేటప్పుడు ధైర్యంగా ఉంటుంది. దూరం పరుగెత్తితే మాత్రం లోపల చెమట పట్టి, కిందికి జారుతుంది. జిగురు పడని చర్మం గలవారికి ఇదొక్కటే దారి.

సాగని గట్టి టేపు మూడోది. చిప్పను ఒక పక్కకు లాగి ఉంచే ఆ పద్ధతిని 1980లలో ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టు జెన్నీ మెక్‌కానెల్ ప్రచారంలోకి తెచ్చారు. దాన్ని తెలిసినవారి చేతే వేయించుకోవాలి.

వీటిలో ఏది వాడినా, తొడ, తుంటి కండరాలను బలపరిచే వ్యాయామాలు వదలొద్దు. చిప్ప చుట్టూ వచ్చే ఈ నొప్పికి అసలు చికిత్స అదే. మోకాలు వాచినా, నడుస్తుంటే పట్టు తప్పినా, వంచిన చోటే బిగుసుకుపోయినా టేపూ తొడుగూ పక్కనపెట్టి ఎముకల వైద్యుడికి చూపించుకోండి.