బిల్డింగ్‌కు ఏసీ పెట్టిస్తున్నారా? లెక్క కాగితం చూపించనివాళ్ళకు అడ్వాన్స్ ఇవ్వకండి

మా నాలుగంతస్తుల బిల్డింగ్‌కు సెంట్రల్ ఏసీ పెట్టించి రెండేళ్ళు దాటింది. ఈ రెండేళ్ళలో మూడుసార్లు గ్యాస్ లీకైంది. పై అంతస్తులో ఉన్న ట్రైనింగ్ హాలును ఎండాకాలం మధ్యాహ్నాలు వాడటమే మానేశాం. రెండో అంతస్తులో ఒక చిన్న కేబిన్‌లో మాత్రం మనిషి చలికి వణుకుతూ, పైగా గాలి చెమ్మగా ఉందంటూ కూర్చుంటాడు. ఒకే సిస్టమ్, ఒకే కాంట్రాక్టర్. అయినా ఒకచోట ఉడుకు, ఒకచోట చలి.

మీలో ఎవరైనా ఇప్పుడు కొటేషన్లు తెప్పించుకుంటూ ఉంటే దయచేసి ఇది పూర్తిగా చదవండి. పేర్లు రాయడం లేదు. ఆ ఒక్కరి పేరు తెలిసి పక్కన పెట్టినా, ఇదే పద్ధతిలో అమ్మే ఇంకొకరు మీకు తగులుతారు. పద్ధతిని గుర్తుపట్టడం ముఖ్యం.

కాంట్రాక్టర్ మొదటిరోజు టేపు పట్టుకుని వచ్చాడు. ప్రతి అంతస్తు పొడవు, వెడల్పు కొలిచాడు. అరగంటలో పని అయిపోయింది. మర్నాడే కొటేషన్ వచ్చింది, ఇంత స్థలానికి ఇన్ని టన్నులు అని. ఎలా లెక్క వేశారని అడిగితే, "మేం రోజూ చేసే పనే సార్, ఇంత ఏరియాకి ఇన్ని టన్నులు సరిపోతాయి" అన్నాడు. మిగతావాళ్ళకంటే రేటు తక్కువ. మాటలో తొణుకు లేదు. సంతకం పెట్టేశాను.

టన్ను అంటే ఏమిటో కూడా అప్పటికి నాకు సరిగ్గా తెలియదు. 2,000 పౌండ్ల మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి కావాలో, అంత వేడిని గదిలోంచి బయటికి తోడేసే శక్తి ఒక టన్ను. వేడిని కొలిచే లెక్కలో గంటకు 12,000 బీటీయూ, అంటే సుమారు మూడున్నర కిలోవాట్లు. కాబట్టి ఎన్ని టన్నులు కావాలో తేల్చాలంటే ముందు గదిలోకి ఎంత వేడి వస్తోందో తెలియాలి. అది నేల వైశాల్యంతో తేలదు. అద్దాలు ఎటువైపు ఉన్నాయి, పైకప్పు మీద నేరుగా ఎండ పడుతుందా, ఎంతమంది కూర్చుంటారు, ఏ వేళలో కూర్చుంటారు, కంప్యూటర్లు ఎన్ని, లైట్లు ఎన్ని, తలుపు ఎన్నిసార్లు తెరుచుకుంటుంది, బయటి గాలి ఎంత లోపలికి తేవాలి, ఇవన్నీ కలిస్తేనే హీట్ లోడ్ లెక్క.

మా ట్రైనింగ్ హాలునే తీసుకోండి. పడమర గోడ సగం అద్దమే. పైన స్లాబ్, దానిపైన ఆకాశం. క్లాసు ఉన్నరోజు 60 మంది కూర్చుంటారు. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచి చెమట ఆవిరితో కలిపి 100 నుంచి 130 వాట్ల దాకా వేడి వస్తుంది. మధ్యస్థంగా 120 వేసుకున్నా 60 మందికి 7,200 వాట్లు. అంటే మనుషులకే రెండు టన్నులు. ఎండ, కప్పు, ప్రొజెక్టర్, బయటి గాలి ఇంకా కలపనేలేదు. కింది అంతస్తులో అంతే వైశాల్యమున్న స్టోరుగదిలో ఇద్దరు పనిచేస్తారు. కాంట్రాక్టర్ రెండింటికీ ఒకే టన్నులు వేశాడు. కాగితం అడిగి ఉంటే ఇది ఎవరికైనా కంటికి కనిపించేది. నేను అడగలేదు.

తక్కువ పడితే ఉడుకుతుంది, అది అందరికీ తెలుసు. ఎక్కువైతే ఏమవుతుందో చాలామందికి తెలియదు. "కొంచెం ఎక్కువే వేద్దాం సార్, సేఫ్" అంటే మనకూ బాగానే ఉంటుంది. ఆ చిన్న కేబిన్‌కు అలాగే పెద్ద యూనిట్ పెట్టారు. అది నిమిషాల్లో గదిని చల్లబరిచేసి ఆగిపోతుంది. గాలిలో తడి లాగడానికి మాత్రం చల్లటి కాయిల్ మీదుగా గాలి చాలాసేపు తిరగాలి. ఆ అవకాశమే ఉండదు. కూలింగ్ ఆగి ఫ్యాన్ ఒక్కటే తిరుగుతుంటే కాయిల్ మీది తడి మళ్ళీ గదిలోకే వస్తుంది. అందుకే ఆ చలి, ఆ చెమ్మ. నిజానికి ఏసీ పుట్టిందే తడి కోసం. 1902లో విల్లిస్ క్యారియర్ న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్ కోసం దాన్ని రూపొందించాడు. గాలిలో తేమ మారితే కాగితం సాగి, ముడుచుకుని, రంగులు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడేవి కావు. నూరేళ్ళు దాటాక కూడా ఉష్ణోగ్రత ఒక్కటే చూసి యూనిట్లు అమ్ముతుంటే బాధగా ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికంటే నన్ను కష్టపెట్టిన విషయం. మాకు పెట్టింది వీఆర్‌ఎఫ్. బయట ఒక పెద్ద యూనిట్, దానికి రాగి పైపులతో లోపల చాలా యూనిట్లు. 1982లో జపాన్‌లో మొదలైన పద్ధతి, మంచి పద్ధతే. గదులు ఎక్కువుండి, ఒక్కో గది ఒక్కో వేళలో వాడే చోట కరెంటు బాగా మిగులుతుంది. దాన్ని నేను తప్పుపట్టడం లేదు. కానీ ఇందులో కనెక్షన్ రేషియో అని ఒకటి ఉంటుంది. లోపలి యూనిట్ల మొత్తం కెపాసిటీ బయటి యూనిట్ కంటే ఎక్కువ పెట్టుకోవచ్చు, చాలా మోడళ్ళలో 130 శాతం దాకా. అన్ని గదులూ ఒకేసారి పూర్తిగా నడవవన్న నమ్మకం మీద అలా పెడతారు. మా బిల్డింగ్‌లో మాత్రం మధ్యాహ్నం రెండింటికి అన్నీ ఒకేసారి నడుస్తాయి. కొటేషన్‌లో రాసిన టన్నులు లోపలి యూనిట్లవి. బయట ఉన్నది అంతకంటే తక్కువ. ఆ తక్కువ చల్లదనాన్నే అందరూ పంచుకోవాలి. మీ కొటేషన్‌లో లోపలి టన్నులు, బయటి టన్నులు రెండు వేరు వరుసల్లో రాసిచ్చారో లేదో ఇప్పుడే తీసి చూడండి.

పైగా ఆ బయటి టన్నులు కూడా ఏ ఎండలో కొలిచినవో చూడాలి. క్యాటలాగ్‌లో కనిపించే అంకె సాధారణంగా బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది. వేడి ప్రాంతాల కోసం 46 డిగ్రీల దగ్గర కొలిచే పద్ధతి కూడా అంతర్జాతీయ ప్రమాణాల్లో వేరుగా ఉంది. బయట వేడి పెరిగేకొద్దీ మెషిన్ ఇచ్చే చల్లదనం తగ్గుతుంది, లాగే కరెంటు పెరుగుతుంది. మీ దగ్గర ఎండాకాలం 42, 43 దాకా పోతుందంటే, ఆ వేడిలో ఎంత ఇస్తుందో తయారీదారు పట్టికలోంచి రాసిమ్మనండి.

మా అవుట్‌డోర్ యూనిట్ల చుట్టూ ఆ 43 కూడా లేదు, ఇంకా ఎక్కువ. ముందువైపు అందం చెడుతుందని, బిల్డింగ్ వెనుక సందులో ఒకదానిమీద ఒకటి స్టాండు కట్టి పెట్టారు. ఎదురుగా గోడ. కింది యూనిట్ వదిలిన వేడిగాలి పైదాని నోట్లోకే పోతోంది. ఒక మధ్యాహ్నం థర్మామీటర్ తీసుకెళ్ళి చూశాను. రోడ్డు మీద 39, పై యూనిట్ పీల్చే గాలి 49. హై ప్రెషర్ ఎర్రర్ వచ్చి ఆగిపోయిన ప్రతిసారీ టెక్నీషియన్ వచ్చి నీళ్ళతో కాయిల్ కడిగి, "ఎండ ఎక్కువగా ఉంది సార్" అని చెప్పి వెళ్ళేవాడు. యూనిట్ చుట్టూ ఎటువైపు ఎంత ఖాళీ వదలాలో మాన్యువల్‌లో బొమ్మ గీసి మరీ ఉంటుంది. ఆ పేజీ నాకు ఎవరూ చూపించలేదు.

ఇక లీకులు. మొదటిసారి లీకైనప్పుడు గ్యాస్ నింపారు. ఐదు నెలలకు మళ్ళీ. అప్పుడూ నింపారు. ఎంత నింపారో తూకం లేదు. మూడోసారి నేను వేరే ఇంజనీర్‌ను పిలిచాను. ఆయన జాయింట్ దగ్గర పైపు కోసి లోపలివైపు వేలితో తుడిచి నాకు చూపించాడు. వేలంతా నల్లటి మసి. రాగి పైపులు అతికేటప్పుడు లోపల నెమ్మదిగా నైట్రోజన్ పోనివ్వాలి. లేకపోతే ఆ వేడికి రాగి లోపల మాడి నల్లటి పొర కడుతుంది. అది పెచ్చులు పెచ్చులుగా ఊడి గ్యాస్‌తో పాటు తిరిగి వాల్వులను మూసేస్తుంది. మా పని జరిగినన్ని రోజులూ సైట్‌లో నైట్రోజన్ సిలిండర్ ఉన్నట్టే నాకు గుర్తులేదు.

నైట్రోజన్ రెండుసార్లు కావాలి. ఒకసారి అతికేటప్పుడు, రెండోసారి పైపులన్నీ పూర్తయ్యాక ప్రెషర్ టెస్ట్‌కు. మాన్యువల్ చెప్పిన ఒత్తిడికి, ఆర్-410ఏ గ్యాస్ అయితే మామూలుగా 550, 600 పీఎస్‌ఐ దాకా, నింపి కనీసం 24 గంటలు వదలాలి. పగలూ రాత్రీ వేడి తేడా వల్ల వచ్చే మార్పు తీసేస్తే గేజ్ ముల్లు కదలకూడదు. తర్వాత వాక్యూమ్ పంప్ పెట్టి, పైపుల్లో ఒత్తిడి 500 మైక్రాన్లకు దిగేదాకా గాలి లాగి, అది నిలుస్తుందో లేదో చూడాలి. ఆ తర్వాతే గ్యాస్, అదీ పైపుల పొడవును బట్టి లెక్కకట్టి, త్రాసు మీద తూచి. ఇందులో మాకు జరిగింది ఒక గంట వాక్యూమ్ మాత్రమే.

వారంటీ ఉంది కదా అని అడిగాను. ఉంది, కంప్రెసర్‌కు. గ్యాస్‌కు లేదు, పైపులకు లేదు, కూలీకి లేదు, సీలింగ్ విప్పి మళ్ళీ కట్టడానికి అసలే లేదు. ఖర్చు తడిసి మోపెడైంది. అమ్మేటప్పుడు వారంటీ సంవత్సరాలు పెద్ద అక్షరాల్లో రాస్తారు. అది దేనికి వర్తించదో అడిగి రాయించుకోండి. ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు, అంటే ఏఎంసీ కూడా అంతే. గ్యాస్, ఎలక్ట్రానిక్ కార్డులు, మోటార్లు కలిపా, లేక వచ్చి ఫిల్టర్ కడిగి వెళ్ళడమేనా? వీఆర్‌ఎఫ్‌లో ఇంకో చిక్కు ఉంది. ఒక కంపెనీ లోపలి యూనిట్ ఇంకో కంపెనీ బయటి యూనిట్‌తో మాట్లాడదు. కార్డు పోతే అదే కంపెనీ దగ్గరికి వెళ్ళాలి. విడిభాగాలు ఎన్నేళ్ళు ఇస్తారో ముందే అడగాలి.

బయటి గాలి సంగతి మా కొటేషన్‌లో ఒక్క ముక్క లేదు. మనలో చాలామంది అడగం కూడా. తలుపులు మూసిన హాల్లో 60 మంది కూర్చుంటే గంటలో గాలి బరువెక్కుతుంది. నిద్ర వస్తుంది, తల పట్టేస్తుంది. క్లాసు బాగాలేదని అనుకుంటాం. ఆఫీసు స్థలాలకు ఏసీ ఇంజనీర్ల అమెరికన్ సంఘం ఆష్రే పెట్టిన 62.1 ప్రమాణం మనిషికి నిమిషానికి 5 ఘనపుటడుగులు, దానికి తోడు ప్రతి చదరపుటడుగుకు 0.06 ఘనపుటడుగులు తాజా గాలి కావాలంటుంది. క్లాసుగదులకు ఇంకా ఎక్కువ. ఇండోర్ యూనిట్లు ఉన్న గాలినే తిప్పుతాయి తప్ప బయటి గాలి తేవు. దానికి వేరే ఏర్పాటు కావాలి, అది తెచ్చే వేడినీ తడినీ హీట్ లోడ్‌లో కలపాలి. తర్వాత చేర్చాలంటే గాలి పోయే గొట్టం, అంటే డక్ట్, ఎక్కడా పట్టదు. మా అవస్థ ఇప్పుడు అదే.

ఏ రకం సిస్టమ్ మంచిదని నన్ను చాలామంది అడుగుతున్నారు. ఒకే పెద్ద హాలైతే డక్ట్‌ల గుండా చల్లగాలి పంపే డక్టబుల్, నాలుగైదు గదులైతే మామూలు స్ప్లిట్లు, గదులు ఎక్కువై వేళలు వేరైతే వీఆర్‌ఎఫ్, పెద్ద బిల్డింగ్ రోజంతా నడిస్తే, నీళ్ళను చల్లబరిచి బిల్డింగ్ అంతా తిప్పే చిల్లర్. చిల్లర్‌కు చూసుకునే మనిషి కావాలి, వాటర్ కూల్డ్ అయితే నీళ్ళ భరోసా కూడా కావాలి. కరెంటు ఖర్చు పోల్చేటప్పుడు ఫుల్ లోడ్ అంకె ఒక్కటే చూసి మోసపోకండి. చిల్లర్లకు వేర్వేరు లోడ్ల దగ్గరి పనితీరును కలిపి ఒకే అంకెగా చెప్పే ఐపీఎల్‌వీ లెక్కలో ఫుల్ లోడ్‌కు ఇచ్చే విలువ 1 శాతమే. మిగతా 99 శాతం ముప్పావు, సగం, పావు లోడ్లది. ఏడాదిలో ఎక్కువ కాలం మెషిన్ నడిచేది అలాగే కాబట్టి.

గ్యాస్ పేరు కూడా అడగండి. పాత ఏసీల గ్యాస్ ఆర్-22ను 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ప్రపంచమంతా వదిలించుకుంటోంది. ఆర్-410ఏ భూతాపాన్ని పెంచే శక్తి కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే సుమారు 2,088 రెట్లు, ఆర్-32ది 675. అదే ఒప్పందానికి 2016లో చేసిన కిగాలీ సవరణ తర్వాత ఎక్కువ అంకె ఉన్నవి తగ్గుతూ పోతాయి. చవకగా వస్తోందంటే పాత స్టాకేమో చూసుకోండి. ఆర్-32కు కొద్దిగా అంటుకునే గుణం ఉంది, కాబట్టి చిన్న గదుల్లో ఎంత గ్యాస్ దాకా ఉండొచ్చన్న పరిమితి కూడా లెక్కలో రావాలి.

ఆ ఇంజనీర్ ఇప్పుడు గదివారీగా హీట్ లోడ్ వేసి ఇచ్చాడు. తొమ్మిది పేజీలు. ట్రైనింగ్ హాలును వీఆర్‌ఎఫ్ నుంచి తప్పించి వేరే డక్టబుల్ పెడుతున్నాం. పడమటి అద్దానికి బయటివైపు నీడ కడుతున్నాం. అవుట్‌డోర్లు మిద్దె మీదికి పోతున్నాయి. మొదటే ఇలా చేసి ఉంటే అయ్యే ఖర్చు, నేను వదులుకున్న ఆ ఎక్కువ రేటు కొటేషన్ కంటే పెద్దదేమీ కాదు.

ఇప్పటికే సంతకం పెట్టేశామని టెన్షన్ పడేవాళ్ళకు ఒక మాట. చివరి బిల్లు మీ చేతిలో ఉన్నంతవరకు మీ మాట చెల్లుతుంది. ప్రెషర్ టెస్ట్ మొదలైనప్పుడు, 24 గంటల తర్వాత, గేజ్ ఫోటో తేదీతో తీయించండి. వాక్యూమ్ రీడింగ్, నింపిన గ్యాస్ తూకం, ప్రతి గదిలో గాలి వేగం, ఉష్ణోగ్రత రాసి సంతకం చేసిమ్మనండి. మధ్యాహ్నం ఎండలో, అన్ని యూనిట్లూ వేసి, మనుషులు ఉండగా ఒకరోజు నడిపి చూశాకే ఆఖరి డబ్బు ఇవ్వండి. ఫాల్స్ సీలింగ్ మూసేముందు మీరే నడిచి, ప్రతి జాయింట్‌నూ, డ్రెయిన్ పైపు వాలునూ ఫోటో తీసి పెట్టుకోండి. మా దగ్గర ఆ ఫోటోలు లేవు. అందుకే మూడో లీకు ఎక్కడుందో కనిపెట్టడానికి మొదటి అంతస్తు కారిడార్ సీలింగ్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా విప్పాల్సి వచ్చింది.