విద్యార్థుల గదులకు సబ్ మీటరు: ఏది కొనాలి, ఎక్కడ తేడా వస్తుంది

ఒడిశాలోని బరంపురంలో యూనివర్సిటీ ఉన్న భంజ విహార్ వైపైనా, మెడికల్ కాలేజీ చుట్టుపక్కలైనా విద్యార్థులకు గదులిచ్చే ఓనర్లకు పేచీ వచ్చేది అద్దె దగ్గర కాదు, కరెంటు బిల్లు దగ్గర. ఒక గదిలో ఫ్యాను, లైటు. పక్క గదిలో 1500 వాట్ల హీటర్ రాడ్డు. బిల్లు తలా ఇంతని పంచితే మొదటి గది పిల్లలకు అన్యాయం. గదికో సబ్ మీటరు, అంటే ఆ గది వాడకాన్ని విడిగా లెక్కించే చిన్న మీటరు, పెట్టాల్సిందే.

సింగిల్ ఫేజు, 5-30 ఆంపియర్ల మీటరు చాలు. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి కూడా లాగేది 9 ఆంపియర్ల లోపే. అంకెలు తిరిగే కౌంటర్ రకానికే మా ఓటు: కరెంటు పోయినా రీడింగ్ కనిపిస్తుంది. చివరి ఎర్ర అంకె మాత్రం యూనిట్‌లో పదో వంతు. 00482 పక్కన ఎర్రగా 6 ఉంటే అది 482.6 యూనిట్లు, 4826 కాదు. గదిలో దిగిన రోజే ఆ అంకెలను విద్యార్థి చేతే ఫొటో తీయించండి.

మీటరు మీద 3200 ఇంప్ అని ఉంటే యూనిట్‌కు ఎర్ర లైటు 3200 సార్లు మినుకుతుంది. 100 వాట్ల మామూలు బల్బు ఒక్కటే వేసి చూడండి, 11 సెకన్లకోసారి మినకాలి. బల్బు ఆర్పాక కూడా మినుకుతుంటే ఆ వైరు మీద ఇంకేదో నడుస్తోంది.

పాత ఇళ్లలో అసలు చిక్కు న్యూట్రల్‌తో, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరుతో. గదులన్నిటికీ ఒకే న్యూట్రల్ కలిపేసి ఉంటారు. ఎర్త్ లైటు (ఫేజు, న్యూట్రల్ కరెంట్లలో తేడా వస్తే వెలిగేది) ఉన్న మీటర్లు చాలావరకు ఫేజు అంటే కరెంటు వచ్చే వైరు, న్యూట్రల్ రెండింటి కరెంటునూ చూసి ఎక్కువున్నదే లెక్కవేస్తాయి. పక్క గది హీటరు కరెంటు ఈ న్యూట్రల్ మీదుగా వెనక్కి వెళ్తే, వాడని గది మీటరు పరుగెడుతుంది. ఎర్త్ లైటు వెలిగిందని మీటరు మార్చేయకండి. ముందు గదికో న్యూట్రల్ విడదీయించండి. అయినా వెలుగుతుంటే ఎక్కడో లీకు ఉంది, ఆ గది మెయిన్ స్విచ్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఒడిశాలో ఇళ్ల కరెంటు స్లాబులు, అంటే యూనిట్ రేటు పెరిగే మెట్లు, 50, 200, 400 యూనిట్ల దగ్గర మారతాయి. గదులన్నీ ఒకే మెయిన్ మీటరు మీద ఉంటే పై స్లాబు తప్పదు. అలాగని ప్రతి యూనిట్‌కూ పై రేటు వసూలు చేయడం తప్పు. మొత్తం బిల్లును మెయిన్ మీటరు యూనిట్లతో భాగిస్తే వచ్చేదే రేటు. మెయిన్ రీడింగ్ తీసిన రోజే గదుల రీడింగూ తీయాలి, లేకపోతే లెక్క కుదరదు. మెయిన్ యూనిట్లలోంచి గదులవి తీసేస్తే మిగిలినవి మోటారువి, మెట్ల లైట్లవి. వాటిని ఎవరు కట్టాలో గది ఇచ్చేటప్పుడే చెప్పండి.

ఏడాదికోసారి మెయిన్ ఆపించి టెర్మినల్ స్క్రూలు బిగించాలి. వదులైన చోట వేడెక్కి ప్లాస్టిక్ నల్లబడుతుంది. అలా నల్లబడ్డ మీటరును బిగించి వాడొద్దు, మార్చేయండి.