మిషన్ సొరుగులో పన్నెండేళ్ల గోళీ

మాది మహారాష్ట్రలోని సిరోంచ. ఇంట్లోనే బట్టలు కుడతాను. మిషన్ సొరుగులో దారపు కండెలు, గుండీలు, వాటి పక్కన పన్నెండేళ్లుగా ఎప్పుడూ ఒక పారాసిటమాల్ 650 షీటు. మేమూ, మరాఠీవాళ్లూ దాన్ని గోళీ అనే అంటాం కాబట్టి మెడికల్ షాపులో మాటకి ఇబ్బంది లేదు. షీటు మీద రాసిందే ఎవరూ చదవరు. నేనూ చదవలేదు.

పొద్దంతా మెడ వంచి కుట్టాక వచ్చే తలనొప్పికి, ఒళ్లు నొప్పులకి, జ్వరానికి బాగా పనిచేస్తుంది. అరగంట, ముప్పావుగంటలో తేడా తెలుస్తుంది. ఖాళీ కడుపున వేసుకున్నా నాకెప్పుడూ మంట రాలేదు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోళీలు అలా కాదు, తరచుగా వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, కిడ్నీలకీ చేటు. కాకపోతే వాపు మీద దీని ప్రతాపం తక్కువ. మా ఆయన మోకాలు వాస్తే రెండు రోజులు ఇదే మింగాడు, వాపు ఎక్కడిదక్కడే ఉంది.

మూడేళ్ల కిందట దీపావళి ముందు నాకు జలుబు, జ్వరం. ఇటు చూస్తే కుట్టాల్సిన బ్లౌజులు కుప్ప. రోజుకి నాలుగు 650లు వేశాను. అది చాలదన్నట్టు షాపులో అడిగి తెచ్చుకున్న జలుబు గోళీలు రోజుకి మూడు. షీటుని కత్తెరతో కత్తిరించి రెండేసి ఇస్తారు కదా, పేరు సగం మన దగ్గరికి వస్తుంది, సగం డబ్బాలోనే ఉండిపోతుంది. ఫార్మసీ చదివే మా అక్క కొడుకు వచ్చి, చెత్తబుట్టలోని ఖాళీ ముక్కలన్నీ ఏరి, బ్లౌజు ముక్కలు కలిపినట్టు అంచుకి అంచు పెట్టి చదివాడు.

"చిన్నమ్మా, గిండ్ల గూడ పారాసిటమాలే ఉన్నది, ఒక్కోదాంట్ల 500."

2,600కి 1,500 కలిపితే 4,100 మిల్లీగ్రాములు. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లకే 24 గంటల్లో 4,000 దాటకూడదు. దాటితే దెబ్బ లివర్‌కి. మొదటిరోజు వాంతి, వికారం తప్ప పెద్దగా తెలియదు, రెండు మూడు రోజులకి ముదిరి బయటపడుతుంది. విరుగుడు మందు ఉంది, కానీ తొందరగా, గోళీలు మింగిన ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఇదంతా విన్నాక ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపడితే ఒట్టు. మర్నాడు రక్తపరీక్షలో లివర్ బాగానే ఉందన్నారు.

అంతకన్నా ఎక్కువ కాలం నన్ను తిప్పలు పెట్టింది వేరే ఉంది. ఒకప్పుడు తలనొప్పి వస్తే వేసుకునేదాన్ని, తర్వాత వస్తుందేమోనని వేసుకోవడం మొదలైంది. నెలకి ఇరవై దాకా అయ్యేవి. నెలలో 15 రోజులకి పైగా, మూడు నెలలు దాటి వాడితే ఆ గోళీయే తలనొప్పి తెస్తుందని డాక్టరమ్మ చెప్పేదాకా తెలియదు. ఆపేసిన మొదటి పది రోజులు మిషన్ చప్పుడు కూడా భరించలేకపోయాను. ఆ తర్వాత తగ్గింది. కళ్లజోడు పెట్టుకున్నాక ఇంకా తగ్గింది. అసలు రోగం అక్కడుంది!

మా వైపు వాళ్లకి ఇంకో మాట. గడ్చిరోలి జిల్లాలో మలేరియా ఎక్కువ. గోళీతో జ్వరం దిగుతుంది, మలేరియా దిగదు. జ్వరం రాగానే వేలికి సూది గుచ్చి చేసే పరీక్ష చేయించుకోండి. తగ్గింది కదా అని మర్నాడు మిర్చి ఏరడానికి పోయి, చేలోనే వణుకుతూ పడిపోయినవాళ్లని చూశాను. ఇప్పసారా రోజూ తాగేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి పోవద్దు, అప్పటికే లివర్ అలిసిపోయి ఉంటుంది.

అయిదింటికి నాలుగు మార్కులు వేస్తాను. ఒకటి కోసింది ఆ కత్తెర ముక్కలకి. ఇప్పుడు షీటు మొత్తం కొంటున్నాను, 15 గోళీలకి ముప్పై రూపాయల అటూఇటూ. గోళీకీ గోళీకీ ఆరు గంటలు వదులుతాను. ఉగాదికి కొన్నదాంట్లో ఇంకా తొమ్మిది ఉన్నాయి.