డిస్నీలో అదనపు సమయం: పొద్దున 30 నిమిషాలా, రాత్రి 2 గంటలా?

శ్రీకాకుళం నుంచి అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు చాలామంది ఓర్లాండో డిస్నీ వరల్డ్ చూసే వస్తారు. డిస్నీ సొంత హోటల్ ఏదైనా సరే, అందులో దిగితే రోజూ అరగంట ముందే పార్కులోకి వదులుతారు. రాత్రి పార్కు మూసేశాక అదనంగా 2 గంటలు ఉండే వీలు మాత్రం ఖరీదైన డీలక్స్ హోటళ్లలో దిగినవాళ్లకే, అదీ కొన్ని రోజులే.

రాత్రయితే ఎండ ఉండదు, జనం పలచబడతారు, క్యూలు చకచకా కదులుతాయి. అయినా కొత్తగా దిగిన పెద్దవాళ్లకు నా ఓటు పొద్దుటికే. వేసవిలో అక్కడ రాత్రి 9 అంటే మనకు ఉదయం 6.30. జాగారం చేసినట్టే! తెల్లవారుజామున 3కే ఎలాగూ మెలకువ వచ్చేస్తుంది. గేటు దగ్గరికి ఇంకాస్త ముందే చేరండి. అక్కడి పార్కుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌కు వెళ్తే నేరుగా సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్ అనే రైడ్ ఎక్కేయండి, మధ్యాహ్నానికి ఆ క్యూ బాగా పెరుగుతుంది.