అపాచీ ఆడవాళ్ళ దారిలో: గ్లోబ్ నుంచి మెస్కలేరో దాకా ఏం చూడాలి, ఎక్కడ దిగాలి

అమెరికా ఆదివాసీలైన అపాచీలు అనగానే గుర్రం మీద తుపాకీ పట్టుకున్న యోధుడు జెరోనిమో గుర్తొస్తాడు. అరిజోనా, న్యూ మెక్సికోల్లో రోడ్డు పక్కన పెట్టిన చారిత్రక పలకల్లో ఎక్కువ భాగం కూడా యుద్ధం గురించే చెబుతాయి. ఆ సమాజంలో ఇల్లు కట్టిందీ, తిండి సంపాదించి దాచిందీ, వంశం ఎవరి పేరున నడవాలో తేల్చిందీ ఆడవాళ్ళు. అది చూడాలంటే కోటల చుట్టూ తిరిగితే లాభం లేదు, దారి మార్చుకోవాలి. ఫీనిక్స్, చాండ్లర్ ప్రాంతాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇందులో సగం చోట్లు రెండు మూడు గంటల డ్రైవ్‌లోపే ఉన్నాయి. అయినా లాంగ్ వీకెండ్ వస్తే కార్లన్నీ సెడోనా వైపే తిరుగుతాయి.

బయల్దేరే ముందు ఒక్క విషయం తెలిసి ఉండాలి. అపాచీలంతా ఒకే తెగ కాదు. శాన్ కార్లోస్, వైట్ మౌంటెన్ రిజర్వేషన్ల (తెగలకు కేటాయించిన భూముల) వాళ్ళు పశ్చిమ అపాచీలు. వీళ్ళకు గోత్రాలున్నాయి, బిడ్డకు తల్లి గోత్రమే వస్తుంది. మెస్కలేరో, చిరికావా వాళ్ళకు గోత్రాలు లేవు. ఇద్దరిలోనూ పెళ్ళయిన మగవాడు అత్తవారి మకాంకే వెళ్ళేవాడు. మన దగ్గర ఇల్లరికం అంటే చిన్నచూపు, అక్కడ అదే మామూలు పద్ధతి. తల్లి, కూతుళ్ళు, అల్లుళ్ళు కలిసి ఒక గుంపుగా ఉండేవాళ్ళు. అల్లుడు వేటాడి తెచ్చిన మాంసం అత్త ఇంటికి చేరేది, కానీ అత్తా అల్లుళ్ళు ఒకరికొకరు ఎదురుపడకూడదు, మాట్లాడుకోకూడదు. ఇల్లు భార్యది. కాపురం చెడితే మగవాడి సామాను బయట పెట్టేస్తే సరిపోయేది. ఈ నేపథ్యం తెలియకుండా మ్యూజియంలకు వెళితే బుట్టలు బుట్టల్లానే కనిపిస్తాయి.

మొదటి మజిలీ పెరిడాట్‌లోని శాన్ కార్లోస్ అపాచీ కల్చరల్ సెంటర్. ఫీనిక్స్ నుంచి గ్లోబ్ సుమారు 90 మైళ్ళు, అక్కడి నుంచి యూ.ఎస్. 70 మీద తూర్పుగా మరో 20. చిన్న భవనం, బయటి నుంచి చూస్తే ఆగాలనిపించదు. లోపల మాత్రం ఆడపిల్ల పెద్దమనిషి అయినప్పుడు చేసే సన్‌రైజ్ వేడుకను తెగవాళ్ళే తమ మాటల్లో వివరించారు. అందుకే గంట సమయానికి దక్కే విషయం లెక్కన చూస్తే ఈ దారిలో దీన్ని మించిన చోటు లేదు. ఫీనిక్స్‌లోని హర్డ్ మ్యూజియంలో వస్తువుల నాణ్యత ఎంతో ఎక్కువ, ఏసీ, కెఫే అన్నీ ఉన్నాయి. కానీ అక్కడ అపాచీలు ఎన్నో తెగల మధ్య ఒక మూల మాత్రమే. రెండూ చూడగలిగితే హర్డ్ ముందు, పెరిడాట్ తర్వాత. పెరిడాట్‌కి వారం మధ్యలో, ముందుగా ఫోన్ చేసుకుని వెళ్ళాలి. తెగ సెలవులు, ఊళ్ళో అంత్యక్రియలు ఉంటే మూసేయవచ్చు.

గ్లోబ్ వెళ్ళే దారిలోనే, సుపీరియర్ ఊరు దాటాక ఓక్ ఫ్లాట్ వస్తుంది. ఎమొరీ ఓక్ చెట్ల మైదానం. జులై, ఆగస్టుల్లో కాయ రాలినప్పుడు అపాచీ ఆడవాళ్ళు కుటుంబాలతో వచ్చి ఏరుకునే చోటు. చాలా రకాల ఓక్ కాయల్లో వగరు ఎక్కువ, పిండిని పదేపదే నీళ్ళతో కడిగితే గానీ తినలేం. ఎమొరీ కాయలో ఆ వగరు తక్కువ కాబట్టి కడగక్కర్లేదు, అపాచీలు దీన్నే ఎంచుకోవడానికి కారణం అదే. పెంకు పగలగొట్టి, పళ్ళెం లాంటి బుట్టలో చెరిగి, రాతి మీద నూరుతారు. గొడ్డు మాంసం మెత్తగా ఉడికించి, చిదిపి, ఈ పిండి కలిపి, వేడి రసం పోస్తే ఏకార్న్ స్ట్యూ. ఓక్ ఫ్లాట్ కింద భారీ రాగి నిక్షేపం ఉంది. ఆ భూమిని గని కంపెనీకి మార్పిడి చేసేందుకు 2014లో చట్టం చేశారు. దాన్ని ఆపాలన్న అపాచీల పిటిషన్‌ను 2025 మేలో అమెరికా సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. కాబట్టి క్యాంప్‌గ్రౌండ్‌ని నమ్ముకుని ప్లాన్ వేయొద్దు. టోంటో నేషనల్ ఫారెస్ట్ నోటీసు చూసుకున్నాకే ఆ మలుపు తిరగాలి.

ఈ మొత్తం దారిలో ఒక్క చోటే చూసే వీలుంటే అది ఫోర్ట్ అపాచీ. పేరు చూసి సైనిక కోట అనుకోవద్దు. 1870లో సైన్యం వేసిన శిబిరమే, 1871 నాటి లాగ్ క్యాబిన్ ఇంకా ఉంది, కానీ ఇప్పుడు నడిపేది వైట్ మౌంటెన్ అపాచీలు. వాళ్ళ మ్యూజియం పేరు నోవికె బాగొవ. అసలు చూడాల్సింది అక్కడి 'గొవ', బయటివాళ్ళు వికియప్ అని పిలిచే గుడిసె. దీన్ని కట్టే పని పూర్తిగా ఆడవాళ్ళది. ఓక్ లేదా విల్లో వాసాలను గుండ్రంగా నేలలో పాతి, పైన వంచి కలిపి, యక్కా ఆకు నారతో బిగిస్తారు. మీద బేర్ గ్రాస్ కట్టలు కింది వరస నుంచి పైకి, ఒకదాని మీద ఒకటి వచ్చేలా కడతారు. వరస తలకిందులైతే వాన నీరు లోపలికే దిగుతుంది. నడినెత్తిన పొగ పోవడానికి సందు వదులుతారు. మకాం మారినప్పుడు వాసాలు అక్కడే వదిలేసేవాళ్ళు, కొత్తచోట మళ్ళీ కట్టేవాళ్ళు. తర్వాతి కాలంలో గడ్డి స్థానంలో కాన్వాస్ గుడ్డ వచ్చింది.

అదే ఆవరణలో థియోడర్ రూజ్‌వెల్ట్ బోర్డింగ్ స్కూల్ భవనాలున్నాయి. అమ్మమ్మ దగ్గర గొవ కట్టడం నేర్చుకోవాల్సిన పిల్లలను హాస్టళ్ళకు తరలించిన విధానం గురించి ఆ వరండాల్లో నిలబడి ఆలోచించడం వేరు. కనీసం మూడు గంటలు పెట్టుకోండి. దగ్గర్లోని కినిష్‌బా శిథిలాలకు కూడా ఈ మ్యూజియంలోనే అనుమతి తీసుకోవాలి.

గ్లోబ్ నుంచి షో లో వైపు యూ.ఎస్. 60 సాల్ట్ రివర్ కేన్యన్‌లోకి దిగి ఎక్కుతుంది. దృశ్యం అద్భుతం, మలుపులు గట్టివి, ఫోన్ సిగ్నల్ పోతుంది. గ్లోబ్‌లోనే ట్యాంక్ నింపుకోవాలి. హైవే దిగి ఏరు ఒడ్డున కూర్చోవాలన్నా తెగ పర్మిట్ కావాలి, అరిజోనా రాష్ట్ర లైసెన్సులు అక్కడ చెల్లవు.

బసకు మూడు దారులున్నాయి. గ్లోబ్‌కు తూర్పున అపాచీ గోల్డ్, పైన్‌టాప్ దగ్గర 260, 73 రోడ్లు కలిసేచోట హాన్‌డా, లేదంటే షో లో ఊళ్ళో మామూలు చైన్ మోటళ్ళు. మొదటి రెండూ తెగల కసీనో హోటళ్ళు, డబ్బు తెగకే చేరుతుంది. పెరిడాట్‌కి అపాచీ గోల్డ్ దగ్గర. ఫోర్ట్ అపాచీకి హాన్‌డా దగ్గర, ఆ కోట పక్కనున్న వైట్‌రివర్ ఊరికి ఇరవై మైళ్ళ లోపే. హాన్‌డా ఏడు వేల అడుగుల ఎత్తున పైన్ అడవిలో ఉంటుంది. ఫీనిక్స్ నిప్పుల కొలిమిలా ఉన్నప్పుడు ఇక్కడ రాత్రికి స్వెటర్ కావాలి. కసీనో హోటళ్ళలో ఎక్కడైనా సిగరెట్ వాసన ఉండొచ్చు కాబట్టి, పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఆట హాలుకు దూరంగా ఉండే నాన్ స్మోకింగ్ గదిని బుకింగ్ అప్పుడే అడగాలి. పొగ పడదనుకుంటే షో లో మోటలే మేలు, అరగంట డ్రైవ్ ఎక్కువైనా సరే.

ఇక సన్‌రైజ్ వేడుక. ఇది టికెట్టు పెట్టి చూపించే ప్రదర్శన కాదు. పశ్చిమ అపాచీల్లో ఒక్కో కుటుంబం ఏడాది ముందు నుంచే ఏర్పాట్లు మొదలుపెడుతుంది, ఖర్చు వేల డాలర్లు. శుక్రవారం నుంచి సోమవారం దాకా నాలుగు రోజులు. రక్తసంబంధం లేని, నడవడి మంచిదని పేరున్న ఒక స్త్రీని గాడ్‌మదర్‌గా ఎంచుకుంటారు. ఆ రోజు నుంచి రెండు కుటుంబాలకూ జీవితాంతం బంధుత్వమే. పిల్ల జింకతోలు దుస్తులు, నుదుట అబలోన్ చిప్ప, జుట్టులో గద్ద ఈక ధరిస్తుంది. చేతిలో గంటలు, రిబ్బన్లు కట్టిన కర్ర. నీళ్ళు గొట్టంతోనే తాగాలి, ఒళ్ళు గోళ్ళతో గోక్కోకూడదు, అందుకు చిన్న పుల్ల ఉంటుంది. తెల్లవారుజాము నుంచి గంటల తరబడి డోలు పాటలకు చిందేస్తుంది. గాడ్‌మదర్ ఆమెను పడుకోబెట్టి ఒళ్ళంతా మర్దన చేస్తుంది. ఆ సమయంలో శరీరం మెత్తగా ఉంటుందనీ, అప్పుడు ఎలా మలిస్తే అలాగే జీవితాంతం ఉంటుందనీ నమ్మకం. తర్వాత కర్ర చుట్టూ నాలుగు దిక్కులకూ పరుగులు. జమ్ముగడ్డి పుప్పొడితో దీవెన, తల మీదుగా బుట్టలోంచి మిఠాయిల వాన, ఆదివారం రంగు పూత. మన ఊళ్ళలో పెద్దమనిషి అయిన పిల్లను మూలన కూర్చోబెట్టేవాళ్ళు. ఇక్కడ ఆ నాలుగు రోజులూ ఆమే అపాచీల పురాణాల్లోని ఆదిస్త్రీ, 'మారే స్త్రీ' (ఛేంజింగ్ వుమన్). జబ్బుచేసినవాళ్ళూ, పసిపిల్లల తల్లులూ ఆమె దీవెన కోసం వరసలో నిలబడతారు.

పిలుపు లేకుండా వెళ్ళొచ్చా? ఊరంతా వచ్చే వేడుకే కాబట్టి చాలాచోట్ల అభ్యంతరం ఉండదు, కానీ ముందు తెగ కార్యాలయంలో గానీ మ్యూజియంలో గానీ అడగాలి. కెమెరా, ఫోన్ కార్లోనే వదిలేయాలి. మద్యం వాసన ఉంటే బయటికి పంపుతారు. పిల్లకూ, తూర్పుకూ మధ్య నుంచి నడిచివెళ్ళడం పెద్ద తప్పు. కుర్చీలు, గొడుగు మీరే తెచ్చుకోవాలి. వంటశాలకు పిండి, పంచదార, కాఫీ పొడి ఇవ్వడం మర్యాద. శనివారం రాత్రి ముసుగులు వేసుకుని మంట చుట్టూ ఆడే గాన్ (కొండ దేవతల) నర్తకులు మగవాళ్ళే. మీ పిల్లలు వాళ్ళను వేలితో చూపిస్తుంటే మాన్పించండి.

బయటివాళ్ళకు తేలికైన చోటు న్యూ మెక్సికోలో మెస్కలేరో. జులై 4 ప్రాంతంలో తెగ నడిపే వేడుకకు, దానితోపాటు జరిగే రోడియోకు అందరూ రావొచ్చు. ఒకప్పుడు ప్రభుత్వం ఇలాంటి ఆచారాలను అణచివేసింది, జులై 4 పేరు చెప్పి చేసుకోనిచ్చింది. మూలవేడుక ఒకటే అయినా పద్ధతి వేరు. నాలుగు ముఖ్యమైన వాసాల మీద పెద్ద టీపీ (పైకి మొనదేలిన గుడారం) లేపుతారు, ద్వారం తూర్పుకు. ఎదురుగా ఓక్ కొమ్మల పందిరిలో వంట. వేడుక జరిగే ఆడపిల్లల కుటుంబాల ఆడవాళ్ళు రోజంతా వండుతారు, వచ్చినవాళ్ళందరికీ ఉచితంగా పెడతారు. చివరి రాత్రి ఆ ఆడపిల్లలు టీపీలో తెల్లవార్లూ చిందేస్తారు. చాలామంది ఆ రాత్రి పదింటికే హోటల్‌కి వెళ్ళిపోతారు, అసలైనది అప్పుడే పోగొట్టుకుంటారు. మంట చుట్టూ సామూహిక నృత్యంలో కలవాలనుకునే ఆడవాళ్ళు భుజాల మీద శాలువా వేసుకోవాలి. జులై అయినా తెల్లవారుజామున చలి గట్టిగానే ఉంటుంది.

అక్కడ బసకు ఇన్ ఆఫ్ ది మౌంటెన్ గాడ్స్ ఉంది. సరస్సు ఒడ్డున తెగ నడిపే పెద్ద రిసార్ట్, సౌకర్యాల్లో ఈ దారి మొత్తానికీ మేటి, ధర కూడా దానికి తగ్గట్టే. వేడుక వారానికి నెలల ముందే గదులు అయిపోతాయి. పక్కనున్న రుయిడోసో చవక. కానీ 2024 జూన్‌లో అక్కడి కొండలు కాలిపోయాయి, కాలిన నేల నీటిని పీల్చదు. 2025 జులైలో ఆ ఊళ్ళో వరదకు ప్రాణాలు పోయాయి. వర్షాకాలంలో ఏటి ఒడ్డు కాటేజీలు ఎంత అందంగా ఉన్నా వద్దు. అలమొగోర్డోలో దిగితే 30 మైళ్ళ డ్రైవ్, వేడి ఎక్కువ, కానీ భయం లేదు.

ఆగ్నేయ అరిజోనాలోని పాత సైనిక కోట ఫోర్ట్ బోవీ ఆడవాళ్ళ గురించి తక్కువే చెబుతుంది. అయినా లోజెన్ కోసం వెళ్ళొచ్చు. అపాచీ నాయకుడు విక్టోరియో చెల్లెలు, యోధురాలు. శత్రువు ఏ దిక్కున ఉన్నాడో పసిగట్టే శక్తి ఆమెకు ఉందని నమ్మేవాళ్ళు. 1886లో జెరోనిమో లొంగుబాటు సంప్రదింపుల్లో ఆమె, దాతెస్తే అనే మరో స్త్రీ దూతలుగా తిరిగారు. ఆ సెప్టెంబరులో అందరితోపాటు వాళ్ళనూ బందీలుగా రైలెక్కించారు. లోజెన్ అలబామా నిర్బంధంలో క్షయతో పోయింది. దాతెస్తే మెస్కలేరో చేరి 1955 దాకా బతికింది. పార్కింగ్ నుంచి శిథిలాలకు ఒకటిన్నర మైలు నడక, మళ్ళీ అంతే వెనక్కి. దారిలో నీళ్ళు దొరకవు. ప్రవేశం ఉచితం. మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యే నెలల్లో పొద్దున్నే ముగించాలి.

బుట్టల విషయంలో కొంచెం నేర్చుకుని వెళ్ళడం మంచిది. మోత గంపకు జింకతోలు జాలర్లు, వాటి చివర రేకు గొట్టాలు ఉంటాయి, నడుస్తుంటే గలగలమంటాయి. నీళ్ళ కూజా లాంటిది టుస్. పుల్లలతో అల్లి, సందుల్లో ఎర్రమట్టి, నూరిన జూనిపర్ ఆకు పూసి, పిన్యన్ చెట్టు బంకను కరిగించి లోపలా బయటా పట్టిస్తారు. ఎండలో కార్లో వదిలేస్తే ఆ బంక మెత్తబడి సీటుకు అంటుకుంటుంది. చుట్టల బుట్టల్లో నలుపు డెవిల్స్ క్లా అనే మొక్క కాయ తొక్కది, రంగు కాదు కాబట్టి వెలవదు. తడి వేలితో రుద్దితే నలుపు అంటుతోందంటే అనుమానించాలి. అల్లినవారి పేరు, తెగ రాసిన రసీదు అడగండి. స్థానిక తెగల పేరుతో నకిలీలు అమ్మడం 1990 చట్టం ప్రకారం నేరం. మ్యూజియం దుకాణంలో ధర ఎక్కువనిపిస్తే పుల్లలు సేకరించి, చీల్చి, నానబెట్టడానికే వారాలు పడుతుందని గుర్తుంచుకోండి.

శాకాహారులకు ఇబ్బందే. ఫ్రై బ్రెడ్ పూరీలా నోరూరిస్తుంది, కానీ చాలాచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు. బీన్స్‌లోనూ మాంసం ఉండొచ్చు, ప్రతిసారీ అడగాలి. వైట్‌రివర్‌లోని సూపర్ మార్కెట్లో పండ్లు, బ్రెడ్, పెరుగు దొరుకుతాయి. పూర్తిగా శాకాహారమై, అపాచీ ఆడవాళ్ళ శ్రమ రుచి తెలిపేది కాల్చిన కిత్తలి. పూకాడ లేవకముందు, వసంతంలో, మొనదేలిన ఓక్ గునపంతో దుంపను నరికి, ఆకులు చెక్కుతారు. రాళ్ళు పరిచిన గోతిలో మంట వేసి, రాళ్ళు ఎర్రబడ్డాక దుంపలు పేర్చి, తడి గడ్డి, మట్టి కప్పి రోజుల తరబడి మగ్గబెడతారు. ఆవిరి ఎక్కడైనా లీకయినా, తొందరపడి తవ్వినా లోపల పచ్చిగానే ఉండిపోతుంది, పచ్చి రసం తగిలితే చర్మం మండిపోతుంది. సరిగ్గా మగ్గితే బెల్లంపాకం పట్టిన చిలగడదుంపలా తియ్యగా, పీచుగా ఉంటుంది. నమిలి పీచు ఉమ్మేయాలి. ఇది రెస్టారెంట్లలో దొరకదు. న్యూ మెక్సికోలోని కార్ల్స్‌బాడ్‌లో ఉన్న లివింగ్ డెసర్ట్ పార్కులో మే నెల ప్రాంతంలో మెస్కలేరోలతో కలిసి కిత్తలి కాల్చే వేడుక చేస్తూ వస్తున్నారు, ఆ తేదీలు కుదిరితే అక్కడి కార్ల్స్‌బాడ్ గుహలతో కలిపి వెళ్ళొచ్చు.

రెండు రోజులే ఉంటే పెరిడాట్, ఫోర్ట్ అపాచీ చాలు, రాత్రికి హాన్‌డా. నాలుగు రోజులుంటే ఫోర్ట్ బోవీ, మెస్కలేరో కలపండి. వేసవిలో న్యూ మెక్సికో గడియారం అరిజోనా కంటే గంట ముందుంటుంది, తెల్లవారుజాము వేడుకకు వెళ్ళేవాళ్ళు అలారం దాన్నిబట్టి పెట్టుకోవాలి. బుట్టల మీదే ఆసక్తి ఉన్నవాళ్ళకు ఉత్తరాన డల్సీలోని హికరియా అపాచీల ఊరు ఉంది, కానీ అది శాంటా ఫే వైపు నుంచి చేయాల్సిన వేరే ప్రయాణం.